ఐజన్

కాగితం దొరకలేదన్న మాట వైకుంఠం నోట ఇరవై ఆరేళ్లలో ఒక్కసారి కూడా రాలేదు. ఆ దవాఖానాలో మందులు పోతాయి, మంచాల మీది దుప్పట్లు పోతాయి, ఒక్కోసారి మనుషులే పోతారు, కాగితం మాత్రం పోదు. డాక్టరమ్మలు అడిగినా, ఠాణా నుంచి పోలీసులు వచ్చి అడిగినా, "జర ఆగున్రి" అని లోపలికి వెళ్తాడు. గంట తిరక్కముందే కేసు షీటు దుమ్ము దులుపుకుంటూ బయటికొస్తాడు. ఇంతోటి దానికి కిరీటం పెట్టేవాళ్లు ఎవరూ లేరు గానీ, మనిషన్నాక తనకంటూ ఒక గొప్ప ఉండాలి కదా, వైకుంఠానికి అదే గొప్ప.

రికార్డు రూమంటే మెట్ల కింద పొడుగాటి గది. ఉన్నదొక్క కిటికీ. నెలకొకటి చొప్పున కేసు షీట్లన్నీ ఎర్రగుడ్డ బస్తాలు కట్టి, ఒక్కో బస్తాలో నాలుగు డాంబరు గోలీలు వేసి, సంవత్సరాల వారీగా అల్మారాలకెక్కించి ఉంటాయి. ఆ సోమవారం పొద్దున అతను దబ్బనంతో జూన్ నెల షీట్లు కుడుతున్నాడు. బయట ముసురు. కాన్పుల వార్డు ఆయా ఆగమ్మ చీపురు గుమ్మం బయట ఆనించి, చేతులు కొంగుకు తుడుచుకుంటూ లోపలికొచ్చింది.

"సారూ, మీతోని ఒక పని పడ్డది" అంది.

"చెప్పు ఆగమ్మా."

"ఆడిటోళ్లు వచ్చిండ్రు గద మొన్న. నా సర్వీసు బుక్కుల పుట్టిన తారీకు గడి ఖాళీగున్నదని రాసిపోయిండ్రంట. ఏదన్న కాగితం తెమ్మని హెడ్డుసారు ఒకటే లొల్లి. బడికి పోయినదాన్నా, నాకేం కాగితముంటది? మల్ల యాదికొచ్చింది. నేను గీ దవాఖాన్లనే కాన్పయిన. గా కాగితం మీ తాన ఉంటది గద?"

"ఏ సంవత్సరం?"

"గదంత నాకేమెర్క సారూ. పోలీస్ యాక్షన్ అయినంక మూడు నెలలకు నా లగ్గమైంది. అప్పటికి నాకు పదిహేను. అయినంక అయిదో ఎండకాలం కాన్పు. రెండు దినాలు నొప్పులు పడ్డ. పిల్ల దక్కలే."

బల్ల తుడిచే మనిషి ఎలా మాట్లాడుతుందో అలాగే అంది ఆ చివరి మాట. వైకుంఠం దారం కొరికి ముడి వేస్తూ నలభై ఎనిమిది నుంచి లెక్కేశాడు.

"యాభై మూడు. నేను కొలువుల చేరిన యేడే" అన్నాడు. "ఉంటది. ఎందుకుండదు?"

ఆగమ్మ ముఖం విప్పారింది. అతని గ్లాసు తీసుకుపోయి, కాంటీన్ నుంచి చాయ్ తెచ్చి బల్ల మీద పెట్టి మరీ వెళ్లింది.

యాభై మూడు నాటి బస్తాలు అన్నిటికన్నా పై అరలో ఉన్నాయి. ఆ కాలపు రాతకోతలన్నీ ఉర్దూలో. ఇప్పుడా దవాఖానాలో ఉర్దూ చదవగలిగిన గుమస్తా అతనొక్కడే మిగిలాడు. స్టూలెక్కి మే నెల బస్తా దింపాడు. దాని పక్కనే అడ్మిషన్ రిజిస్టరు, అట్ట ఊడి, నిలువునా ఉంది. దాంతో పనిలేదు, కేసు షీటు చాలు. ఆ రోజుల్లో ఓపీ కిటికీ దగ్గర మూడొందల మంది లైను. ఒక చేత్తో ఈగలు తోలుకుంటూ ఇంకో చేత్తో రిజిస్టరు రాసేవాళ్లు. పై వరుసలో ఉన్న ఊరే కింది వరుసలోనూ ఉంటే మళ్లీ రాయడమెందుకని ‘ఐజన్’ అని ఒక్క గీకు గీకేవాళ్లు. పైన రాసిందే ఇక్కడా అని దానర్థం. కొలువులో చేరిన మొదటి రోజు పెద్ద గుమస్తా అతనికి నేర్పిన మొదటి విద్య అదే.

పద్నాలుగో తారీకు షీటు చేతికొచ్చింది. కిటికీ దగ్గరికి తెచ్చి చదివాడు. పేరు ఆగమ్మ. భర్త ఆగయ్య. మొహల్లా ధూల్‌పేట. వయసు ముప్పై ఐదు. కింద డాక్టరమ్మ ఇంగ్లీషులో రాసిన నాలుగు ముక్కలు, ఆడపిల్ల, ప్రాణం లేదు.

పై భాగమంతా తన చేతిరాతే. ఇరవై ఏళ్లప్పటి రాత, అక్షరాలు కుదురుగా, కొంచెం మిడిసిపాటుగా ఉన్నాయి.

ముప్పై ఐదుకు ఇరవై ఆరు కలిపాడు. అరవై ఒకటి. మళ్లీ కలిపాడు. ఆయాలను ఇంటికి పంపేది అరవైకి. పదిహేనేళ్లకు లగ్గమైన పిల్లకు ఆ ఎండాకాలం ఇరవై కంటే ఎక్కడుంటాయి? అంటే ఇప్పుడు నలభై ఆరు. తనకూ నలభై ఆరే.

బల్ల మీద చాయ్ చల్లారిపోతోంది. ఉర్దూ అంకెల్లో రెండుకూ మూడుకూ తేడా పైన పన్నులాంటి ఒక్క గీత. ఇరవై ఐదు అని తర్జుమా చేసి ఇస్తే కాదనే నాథుడు ఆ దవాఖానాలో లేడు. చెదలు పట్టిందంటే ఇంకా సులువు. వైకుంఠం షీటు పట్టుకుని అలాగే కూర్చున్నాడు. అప్పుడే హెడ్డు గుమస్తా ఆనందరావు గుమ్మంలోంచి తల పెట్టి, "ఏమయ్యా వైకుంఠం, ఆ ఆయా కాగితం దొరికిందా?" అన్నాడు.

"దొరికింది సార్."

ఎవరడిగినా ఆ నోటికి వచ్చే జవాబు అదొక్కటే. అలవాటు మీద వచ్చేసింది.

మధ్యాహ్నానికి ఇంగ్లీషులో నకలు రాసి, ‘ట్రూ కాపీ’ అని మోహరు వేసి, సంతకం చేసి ఇచ్చాడు. ఆనందరావు వేళ్ల మీద లెక్కేసి, "అరవై ఒకటి! పోయినేడే పోవాల్సిన మనిషి. బాగానే దాచుకుంది" అని నవ్వాడు. వైకుంఠం నవ్వలేదు. తిరిగొచ్చి జూన్ షీట్లు కుట్టడం పూర్తి చేశాడు. కుట్టు వంకర పోలేదు.

బుధవారం నాడు ఆగమ్మ మళ్లీ వచ్చింది, చేతిలో ఆర్డరు కాగితంతో. "ఏమి రాసిండ్రో జర సదువున్రి సారూ, హెడ్డుసారు సంతకం పెట్టించుకొని పొమ్మన్నడు" అంది. వైకుంఠం చదివి చెప్పాడు. ఈ నెలాఖరుకు కొలువు ఆఖరు. ఇంకా పదమూడు రోజులు.

ఆమెకు ముందు నవ్వొచ్చింది. "నాకు అరవై ఒకటా? పోయిన బోనాలప్పుడు సచ్చిపోయిన మా అమ్మకే అరవై పైచిల్లర సారూ! మా అమ్మా నేను కవలపిల్లలమా ఏంది?"

అతను నవ్వకపోయేసరికి ఆమె నవ్వు కూడా ఆగింది. నిలబడ్డచోటే గోడకు ఆనుకుంది.

"మా ఇంటాయిన సంగతి మీకెర్కే. ధూల్‌పేటల గణపతులకు మట్టి తొక్కి తొక్కి బతికిన మనిషి, పక్షవాతమొచ్చి రెండేండ్ల సంది మంచంలున్నడు. గీ కొలువుంటెనే ఇంట్ల పొయ్యి అంటుకుంటది. ఇంక పదేండ్లు, పదిహేనేండ్లు ఫికర్ లేదనుకున్న." ఆర్డరు కాగితాన్ని నాలుగు మడతలు పెట్టింది. "నేనే గద కాగితం తెమ్మన్న. నా కాళ్ల మీద నేనే బండేసుకున్న. ముప్పై అయిదని ఎవరు రాసిండ్రు సారూ?"

వైకుంఠం ఒక బస్తా ముడి విప్పి మళ్లీ కట్టాడు.

"అప్పటి గుమస్తా" అన్నాడు.

ఆగమ్మ అతన్ని ఒక్క క్షణం చూసింది. "అట్లనా" అని చీపురు తీసుకుని వెళ్లిపోయింది. అబద్ధమాడిన నోటికి నీళ్లు కావాలనిపించి వైకుంఠం గ్లాసు కోసం వెతికాడు. గ్లాసు ఎదురుగానే ఉంది.

సాయంత్రం హుస్సేనీ ఆలంలో ఇంటికి చేరి, అన్నం ముందు కూర్చున్నాక, పులుసు పోస్తున్న భార్యను ఉన్నట్టుండి అడిగాడు, "నీకెన్నేండ్లే?"

నాగమణమ్మ గరిటె ఆపి వింతగా చూసింది. "గిప్పుడెందుకు? రేషన్ కార్డుల మీరేం రాసిండ్రో గన్నే."

"నేనేం రాసిన?"

"నలభై."

"నిజంగ ఎన్ని?"

"నన్నెవ్వరడిగిండ్రు?" అని ఆమె పులుసు పోసి లోపలికి వెళ్లిపోయింది. అతను కలుపుకున్నాడు. ఉప్పు తక్కువైందో ఎక్కువైందో తెలియలేదు, తిని లేచాడు.

మర్నాడు పొద్దున, ఎవరూ చెప్పని పని ఒకటి నెత్తికెత్తుకున్నాడు. పోయినేటి అడ్మిషన్ రిజిస్టరు ముందేసుకుని వయసు గడి మీద వేలు పెట్టి కిందికి జారుస్తూ వచ్చాడు. ఇరవై. ఇరవై ఐదు. ముప్పై. ఇరవై ఐదు. నలభై. నూరు పేజీలు జారాడు. ఇరవై మూడేళ్ల ఆడది ఒక్కతి తగల్లేదు. ముప్పై ఒకటి లేదు, ముప్పై నాలుగు లేదు. అంతకు ముందేడుదీ తీశాడు, అదీ అంతే. చార్మినార్ చుట్టూ ఇన్ని లక్షల మంది కాపురముంటూ ఒక్కరికీ ముప్పై మూడేళ్లు రాకుండా ఎలా పోయాయో! తనకు తెలియని సంగతేమీ కాదు. తనే చేశాడు, తన తర్వాత కిటికీలో కూర్చున్నవాళ్లకు తనే నేర్పాడు. అడిగితే లైను ఆగుతుంది, అడిగినా వాళ్లకు తెలియదు, ముఖం చూసి ఒకటి వెయ్యి, అని. ఒక వరుసలో పెట్టి చూడటం మాత్రం ఇదే మొదటిసారి.

రెండు రిజిస్టర్లూ చంకన పెట్టుకుని ఆనందరావు దగ్గరికి వెళ్లాడు. విషయం విని ఆనందరావు కుర్చీలో వెనక్కి వాలాడు.

"నీకేమైనా మతి పోయిందా? ఆయా కోసం నీ మెడకు నువ్వే ఉరి తగిలించుకుంటావా? ఈ రిజిస్టర్లన్నీ గప్పాలేనని కాగితం మీద రాసిస్తావా?"

"రాసిస్త సార్."

"రేపు కోర్టువాళ్లు అడిగితే? వయసు సర్టిఫికెట్లు ఇక్కణ్ణుంచి ఎన్ని పోయాయి?"

"లెక్కపెట్టలే సార్."

ఇద్దరూ కలిసి సూపరింటెండెంటు విమలాదేవి గదికి వెళ్లారు. ఆవిడ కళ్లజోడు తీసి తుడుచుకుని, వైకుంఠం రాసిన ఇంగ్లీషు కాగితం రెండుసార్లు చదివింది. ‘సదరు ఆగమ్మ వయసు నేను ఆమెను అడగలేదు. ముఖం చూసి, అంచనా మీద వేశాను’ అని దాని సారాంశం.

"ముఖం చూసి పదిహేనేళ్లు తేడా వేస్తారా?" అంది.

"రెండు దినాల నొప్పులల్ల ఉన్న మనిషి మేడమ్. అప్పుడు గట్ల కనవడ్డదేమో."

ఆవిడ కలం తీసింది. తర్వాత రెండు హుకుంలు రాసింది. ఒకటి, ఆగమ్మను డాక్టరు చేత పరీక్ష చేయించి వయసు నిర్ణయించాలి. రెండోది వైకుంఠానికి మెమో. సోమవారం నుంచి పొద్దుటి పూట ఓపీ కిటికీలో కూర్చోవాలి. బయటికొచ్చాక ఆనందరావు భుజం తట్టి, "ఇక మీదట అడిగి రాయి నాయనా, తెల్లారేదాకా రాయి" అన్నాడు.

శనివారం నాడు వేరే పెద్ద దవాఖానాలో వయసు పరీక్ష. ఫైలు పట్టుకుని వైకుంఠమే వెంట వెళ్లాడు. పెద్ద డాక్టరు బల్ల ముందు పదిమంది నిలబడి ఉన్నారు. ఆగమ్మ వంతు రాగానే ఆయన నోరు తెరవమన్నాడు, తెరిచింది. తంబాకు నమిలి నమిలి కింది పళ్లు నాలుగు పోయాయి. చేతులు చూపించమన్నాడు. ఫినాయిలు నీళ్లలో ఇరవై ఏళ్లు నానిన చేతులవి. తల మీద కొంగు తీయమన్నాడు. వెంట్రుకలు సగం తెలుపు.

"నలభై ఆరు సార్" అన్నాడు వైకుంఠం ఉండబట్టలేక. "పోలీస్ యాక్షన్ అప్పుడు పదిహేను అంటుంది. లెక్క సరిపోతది."

"నువ్వెవరు?"

"రికార్డు క్లర్కుని సార్."

"అయితే నీ రికార్డుల్లో చూసి చెప్పు. పోలీస్ యాక్షన్ బర్త్ సర్టిఫికెట్ కాదు" అన్నాడు డాక్టరు. పక్కనున్నవాళ్లు నవ్వారు. ఆయన ఆగమ్మను ఇంకేమీ అడగలేదు. కాగితం మీద ‘చూపును బట్టి సుమారు యాభై ఐదు’ అని గీకి, తర్వాతి మనిషిని రమ్మని చెయ్యూపాడు.

యాభై ఐదు. వైకుంఠం ఆ అంకె కేసి చూస్తూ వరండాలోకి వచ్చాడు. చివర ఐదు.

ఆగమ్మకు మాత్రం ఆ కాగితం దేవుడిచ్చిన వరంలా ఉంది. "అయిదేండ్లిచ్చిండు దొర! సల్లగుండాలె" అని అక్కడే రెండు చేతులూ జోడించింది. పద్నాలుగేళ్లు రావాల్సిందని, తొమ్మిది పోయాయని అతను చెప్పలేదు. లెక్క ఆమెకూ వస్తుంది. ఉన్నదానికి సంతోషపడదామనుకుందో ఏమో, దారంతా ఇంటాయన ముచ్చటే చెప్పింది.

తమ దవాఖానాకు తిరిగి రాగానే అతని గ్లాసు తీసుకుపోయి చాయ్ తెచ్చింది. అప్పుడు చెప్పాడు.

"ఆగమ్మా. అప్పటి గుమస్తా అన్న గద. గది రాసింది నేనే."

"నాకెర్కే సారూ."

వైకుంఠం చేతిలో గ్లాసు అలాగే ఉండిపోయింది. "ఎట్లెర్క?"

"కిటికీల మీరే ఉంటిరి గద. సన్నగ, మీసాలు గూడ సక్కగ రాకుండె. నేను గీడ కొలువుల చేరిన దినమే గుర్తువట్టిన."

"మరి మొన్న నేను గట్లంటే ఏమన్లేదేంది?"

"ఏమంట సారూ?"

అతను గ్లాసు బల్ల మీద పెట్టాడు. "నీ మొఖం జూసి గన్ని ఏండ్లేసిన ఆగమ్మా. తప్పయింది. నొప్పులల్ల ఉంటివి, పెద్దదాని లెక్క కనవడ్డవు."

ఆగమ్మ తల అడ్డంగా ఊపింది. కోపం లేదు ఆ ముఖంలో. గుర్తున్నది గుర్తున్నట్టు చెప్పే మనిషిలా ఉంది.

"మొఖం జూసి అని ఎందుకంటరు సారూ? మీరు తలెత్తనే లేదు. నేను కిటికీ సువ్వలు వట్టుకొని నిలవడ్డ. నోరెండి పీకుతుండె. మీ తాన బల్ల మీద కూజ ఉండె. మీరెప్పుడు జూస్తరా, నీళ్లడుగుదామా అని జూసిన. పేరు అడిగిండ్రు, మొగని పేరు అడిగిండ్రు, మొహల్లా అడిగిండ్రు. జూడలే." కొంగు దోపుకుంది. "వార్డు కడగాలె, పోతున్న. గ్లాసు గాడనే పెట్టున్రి, మల్లొచ్చి తీస్కపోత."

ఆమె వెళ్లాక వైకుంఠం చాలాసేపు ఆ చాయ్ ముట్టలేదు. చూడకపోతే ముప్పై ఐదు ఎక్కణ్ణుంచి వచ్చింది? ఇంగ్లీషులో రాసి సంతకం పెట్టి ఇచ్చాడే, ముఖం చూసి అని! స్టూలెక్కాడు. అట్ట ఊడిన యాభై మూడు నాటి రిజిస్టరు దింపి కిటికీ కింద తెరిచాడు. కేసు షీట్లు రాసింది మధ్యాహ్నాలు, ఈ రిజిస్టరు చూసుకునే. పద్నాలుగో తారీకు పేజీ అంతా పసుపుపచ్చ బారింది. కుడి నుంచి ఎడమకు వేలు జరిపాడు.

కృష్ణమ్మ, మాదన్నపేట, ముప్పై ఐదు.

దాని కింద ఆగమ్మ, ధూల్‌పేట. వయసు గడిలో, ఐజన్.

ఆమె కింద ఇంకో నలుగురు ఆడవాళ్లు. పేర్లు వేరు, మొహల్లాలు వేరు. వయసు గడిలో ఐజన్, ఐజన్, ఐజన్, ఐజన్. తేలిగ్గా, సొగసుగా, ఒకే ఊపులో గీసిన గీకులు. ఆ కృష్ణమ్మ వయసు మాత్రం అడిగి రాశాడో లేదో ఎవరికెరుక? ఏడుపు వస్తుందేమోనని చూశాడు. రాలేదు. రిజిస్టరు మూసి, డాంబరు గోలీలు సర్ది, ఎక్కడిదక్కడ పెట్టాడు. తర్వాత ఆగమ్మ కోసం గ్లాసు కడిగి ఉంచాడు.

సోమవారం ఎనిమిదింటికి ఓపీ కిటికీలో కూర్చున్నాడు. ముసురు పట్టినా లైను గేటు దాకా ఉంది. బల్ల కుడి పక్కన, చువ్వల్లోంచి చెయ్యి పెడితే అందేలా, ఇంటి నుంచి తెచ్చిన కూజా, దాని మీద గ్లాసు పెట్టుకున్నాడు. మొదట వచ్చిన పిల్ల నిండు చూలాలు, తడిసిపోయి ఉంది.

"పేరు?"

"ఆండాలు సారూ."

మొగుడి పేరు, మొహల్లా చెప్పింది. "వయసు?" అన్నాడు.

"మీరే ఏదో ఒకటి రాసుకోన్రి."

"పోలీస్ యాక్షన్ అప్పుడు నీకెన్నేండ్లు?"

"అప్పటికి మా అమ్మకే లగ్గం కాలే సారూ!" అంది ఆ పిల్ల, నొప్పిలోనూ నవ్వొచ్చి. వెనక లైను కూడా నవ్వింది. వైకుంఠం బిత్తరపోయాడు. ఇరవై ఆరేళ్లు గడిచాయని రిజిస్టర్లలో చూడటం వేరు. ఆ చువ్వలకు అవతల అప్పట్లో నిలబడ్డవాళ్లు ఇప్పుడు లేరు, వీళ్లు వేరే మనుషులు.

"మరి నీకేది యాదికున్నది?"

"తెలంగాణ లొల్లి అయినప్పుడు బడులు బందయినయి గద. అప్పుడు నేను అయిదోది."

"అరే జల్దీ కరో మియా! శాం కర్తే క్యా?" అని లైనులోంచి ఎవరో తొందరపెడుతూ అరిచారు. వైకుంఠం వేళ్లు ముడిచి లెక్కేశాడు. ఐదో తరగతి, పదకొండు అనుకుందాం. అరవై తొమ్మిది నాటి లొల్లికి ఇప్పటికి పదేళ్లు. పదకొండూ పదీ. ఇరవై ఒకటి. గడిలో ఆ రెండంకెలూ రాసి, అవి తనవేనా అన్నట్టు ఒకసారి చూసుకున్నాడు. చీటీ చింపి ఇచ్చి, "నీళ్లు కావాల్నా?" అని అడిగాడు. ఆండాలు గ్లాసెడు తాగి పక్కకు జరిగింది.

ఆమె వెనకున్న మనిషి పేరు చెప్పింది, మొహల్లా చెప్పింది. వయసు అడిగేలోపే తొందరపడింది.

"నాకు గూడ గంతే రాయిన్రి సారూ. ఎంతైతేంది?"

కలం అప్పటికే గడిలో ఆని ఉంది. అలవాటైన చెయ్యి, ఆ గీకు దానంతటదే గీసేసేది. వైకుంఠం కలం తీసి బల్ల మీద పెట్టి, తలెత్తాడు.

"గంతే కాదు" అన్నాడు. "నీది నువ్వు చెప్పు."